చేతిలో ఫోను, చేతి పని



శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ పేరు చెబితే పాతవాళ్ళకు గుర్తొచ్చేవి రెండే: ఉప్పు, రైలు. హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద అది జంక్షను. అక్కడి నుంచి పర్లాకిమిడికి 1900లో, ఆ సంస్థానం రాజావారి పూనికతో, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న రైలు నడిచింది. తర్వాత దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. చాలా ఏళ్ళకు ఆవిరి ఇంజను పోయి డీజిల్ వచ్చింది. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది. ఆరేడేళ్ళు పట్టాలు మార్చాక అదే దారిలో పెద్ద బండి తిరగడం మొదలుపెట్టింది.

రైలు మారిన ప్రతిసారీ దాన్ని నడిపే మనుషులు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. పొయ్యిలోకి బొగ్గు ఎప్పుడు, ఎంత విసరాలో ఒడుపు తెలిసిన ఫైర్‌మన్‌కు డీజిల్ ఇంజనులో ఆ పనే లేదు. చిన్న పట్టా మీద ఏళ్ళ తరబడి పనిచేసిన గ్యాంగ్‌మన్‌కు పెద్ద పట్టా కొలతలు వేరు. మీటలు లాగి సిగ్నలు దించిన చేతులు బొత్తాలకు, ఆ తర్వాత కంప్యూటరు మౌస్‌కు అలవాటు పడాలి. ఈ నేర్పంతా ఎక్కడ దొరికేది? సౌత్ ఈస్టర్న్ రైల్వే రోజుల్లో అప్పటి బీహారులో, నేటి జార్ఖండ్‌లో ఉన్న సినీ అనే ఊళ్ళో. పెట్టె సర్దుకుని, పక్కచుట్ట కట్టుకుని అక్కడి శిక్షణ పాఠశాలకు పోవాలి. రోజుల తరబడి హాస్టల్లో ఉండి, నియమావళి వల్లెవేసి, పరీక్ష రాసి వచ్చి మళ్ళీ డ్యూటీ ఎక్కాలి. 2003 ఏప్రిల్‌లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడ్డాక ఆ ప్రయాణం భువనేశ్వర్ దాకా తగ్గింది.

ఇప్పుడు పాఠాల్లో కొంత భాగం జేబులోకే వచ్చేసింది.

కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరు 2న మిషన్ కర్మయోగి అనే పథకాన్ని ఆమోదించింది. దాని కింద పుట్టిన శిక్షణ వేదిక పేరు ఐగాట్. రైల్వే, తపాలా, ఆదాయపు పన్ను మొదలుకుని రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల వరకు అందులో ఖాతాలు తెరిచారు. ఆఫీసు నోట్ రాయడం, సైబర్ మోసాల నుంచి కాచుకోవడం, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ, ఎక్సెల్, ఒత్తిడిని తట్టుకోవడం, ఆఖరికి కుర్చీలో కూర్చునే చేసుకునే యోగా కూడా అందులో పాఠాలే. పాఠం అయ్యాక నాలుగు ప్రశ్నలు, ఆ తర్వాత సర్టిఫికెట్. 2024 అక్టోబరు 19న ప్రధానమంత్రి దీనికోసం ప్రత్యేకంగా ఒక అభ్యసన వారోత్సవాన్నే ప్రారంభించారు. 2025 నాటికి ఇందులో పేరు నమోదు చేసుకున్నవారు కోటి దాటారు.

కోటి అంటే చిన్న సంఖ్య కాదు. అయితే ఏ ఆఫీసులోనైనా కాసేపు కూర్చుంటే ఆ సంఖ్య వెనకున్న సంగతీ కొంత తెలుస్తుంది. నెలాఖరులోగా ఇన్ని కోర్సులు పూర్తి చేయాలని పైనుంచి తాఖీదు వస్తుంది. ఫోనులో వీడియో పెట్టి, గొంతు నొక్కేసి, బల్ల మీద బోర్లించి, మనిషి తన ఫైళ్ళు తను చూసుకుంటాడు. ప్రశ్నలు వచ్చే వేళకు పక్క సీటాయన వాట్సాప్‌లో జవాబులు పంపుతాడు. ఉత్తరాంధ్ర నోటితో చెప్పాలంటే, ‘ఏటీ వీడియోలు బాబూ, సంతకం ఎక్కడెట్టాలో సెప్పండి’ అనే ధోరణి. దీనికి ఉద్యోగిని ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు. డ్యూటీ తగ్గించకుండా, విడిగా గంట ఇవ్వకుండా, ఏ పాఠం ఎవరికి అవసరమో చూడకుండా లెక్క మాత్రమే అడిగితే లెక్కే వస్తుంది.

దూరాన ఉండి పనివారికి పాఠం చెప్పడం తెలుగు నేలకు కొత్త విద్యేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో, రాష్ట్రానికి కొన్ని వందల చొప్పున, మొత్తం 2,400 పల్లెల్లో టీవీ పెట్టెలు పెట్టారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కార్యక్రమాలు వచ్చిన భాషల్లో తెలుగు ఒకటి. రైతులకు, పిల్లలకు వేసిన కార్యక్రమాల సంగతి చాలామందికి తెలుసు. అంతగా ఎవరూ చెప్పుకోనిది ఉపాధ్యాయుల శిక్షణ. వేలాది మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సెలవుల్లో సైన్సు ఎలా చెప్పాలో నేర్పారు. టీవీలో పాఠం, రేడియోలో వివరణ, చేతిలో అచ్చుపుస్తకం. వీటితోపాటు ప్రతి కేంద్రంలోనూ ముందే తర్ఫీదు పొందిన ఒక మనిషి. టీవీ కట్టేశాక ఉపాధ్యాయులు కూర్చుని ఆ ప్రయోగాన్ని స్వయంగా చేసి చూడాలి. అర్థం కాకపోతే ఆ మనిషి దగ్గరుండి చేయిస్తాడు. యాభై ఏళ్ళ కిందటి ఆ ఏర్పాటు చూస్తే, నేటి శిక్షణ వేదికలు చాలావాటిలో ఏది తప్పిపోయిందో ఇట్టే పట్టుకోవచ్చు. తెర ఉంది, పుస్తకం బదులు పీడీఎఫ్ ఉంది. పక్కన ఉండాల్సిన మనిషే లేడు.

ఆ తర్వాత 1982లో హైదరాబాదులో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తొలి వైస్‌ఛాన్స్‌లర్ జి. రామిరెడ్డి గారే తర్వాత 1985లో ఢిల్లీలో ఇగ్నోకు తొలి సారథి అయ్యారు. ఉద్యోగం చేసుకుంటూ చదివే గుమాస్తా, లారీ డ్రైవరు, మిల్లు కార్మికుడు ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులు. వారికి పోస్టులో పుస్తకాలు, ఆదివారం స్టడీ సెంటరు, ఆకాశవాణిలో పాఠాలు. రేడియోకు ఈ విషయంలో ఎవరూ కొత్తగా చెప్పాల్సింది లేదు.

ఇక పరిశ్రమల సంగతికి వద్దాం. ఉత్తరాంధ్రలో వ్యవసాయానికి బయట బతుకుతెరువు చూపే పనులు కొన్ని ఉన్నాయి. నౌపడ చుట్టుపక్కల ఉప్పు మళ్ళు, పలాసలో జీడిపప్పు, టెక్కలిలో గ్రానైట్, రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు, రాజాం, నెల్లిమర్ల వైపు జనపనార. ఇప్పుడు సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట ఓడరేవు. దానికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. వీటన్నిటికీ ఒకే మూసలో శిక్షణ పనికిరాదు. ఫోనులో నేర్పగలిగేది ఎంత, నేర్పలేనిది ఎంత అన్నది పనిని బట్టి మారుతుంది.

ఉప్పుతోనే మొదలుపెడదాం. మనుషులు తినే ఉప్పులో అయొడిన్ కలపకుండా అమ్మకూడదని కేంద్రం 2006 మే 17 నుంచి దేశమంతటా నిషేధం అమలు చేసింది. గవదబిళ్ళలు కావు, గొంతు దగ్గర లావుగా ఉబ్బే గాయిటర్ గురించి ఈ జాగ్రత్త. వాడేవారి ఇంటికి చేరేసరికి ఉప్పులో పది లక్షల పాళ్ళకు కనీసం 15 పాళ్ళ అయొడిన్ మిగిలి ఉండాలి. కలిపే యూనిట్లలో పొటాషియం అయొడేట్‌ను నీళ్ళలో కరిగించి ఉప్పు మీద సన్నగా చల్లుతారు. సమంగా పడిందో లేదో చూడటానికి ఒక చిన్న పరీక్ష ఉంది. బుల్లి గిన్నెలో ఉప్పు వేసి, చదును చేసి, పైన రెండు చుక్కల పరీక్ష ద్రావణం వదలాలి. అయొడిన్ ఉంటే ఉప్పు నీలిగా మారుతుంది. ఆ నీలాన్ని డబ్బాతో వచ్చిన రంగుల అట్టతో పోల్చాలి. లేత నీలమైతే తక్కువ, ముదురైతే చాలినంత. రంగే రాకపోతే ఇంకో సీసాలోని ద్రావణం ముందు వేసి మళ్ళీ చూడాలి, ఎందుకంటే ఉప్పులో క్షారం ఉంటే అయొడిన్ ఉన్నా రంగు రాదు. ఈ ఆఖరి మెట్టు తెలియనివాడు మంచి ఉప్పును చెడ్డదని తోసేస్తాడు.

ఇలాంటి పరీక్షను రెండు నిమిషాల వీడియోలో అద్భుతంగా నేర్పవచ్చు. పుస్తకంలో నాలుగు పేజీలు రాసినా రాని స్పష్టత అందులో వస్తుంది. ఆగి, వెనక్కి తిప్పి, పదిసార్లు చూడవచ్చు. అయినా ఫోను తెర మీది నీలాన్నీ, ఎండలో కొఠారు దగ్గర కనపడే నీలాన్నీ ఒకటనుకోకూడదు. అందుకని మొదటిసారి ఎవరో ఒకరు పక్కన నిలబడి, ‘ఇదిగో, ఇంత నీలం వస్తే చాలు’ అని చూపించాలి. వీడియో సగం దారి తెస్తుంది. మిగతా సగం ఉప్పు గుట్ట పక్కనే నడవాలి.

పలాస వైపు వెళ్తే కథ ఇంకొంచెం మారుతుంది. జీడిపిక్కలను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, పెంకు కోసి, పప్పు తీసి, బట్టీలో ఎండబెట్టి, పైపొర వలిచి, సైజుల వారీగా వేరుచేస్తారు. వలవడం, వేరుచేయడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. మార్కెట్లో డబ్ల్యూ 240 అంటే ఒక పౌనుకు 220 నుంచి 240 దాకా తూగే తెల్లని గుండు పప్పు. డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. పప్పు చిన్నదయ్యేకొద్దీ అంకె పెరుగుతుంది, ధర తగ్గుతుంది. గుట్టలో చెయ్యి పెట్టి కంటిచూపుతోనే 240నీ 320నీ విడదీసే ఆ అక్కలకు ఏ వేదికా కొత్తగా గ్రేడింగు నేర్పలేదు. నేర్పితే వాళ్ళే నేర్పాలి.

అయితే వాళ్ళకు కావలసిన కొత్త పాఠాలు వేరే ఉన్నాయి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2017 నుంచి ఫాస్టాక్ పేరుతో శిక్షణ నడుపుతోంది. ఆహారం తయారుచేసే చోట ప్రతి 25 మంది పనివారికి కనీసం ఒక తర్ఫీదు పొందిన సూపర్‌వైజరు ఉండాలన్నది దాని ఉద్దేశం. కరోనా వచ్చాక ఆ తరగతులు ఆన్‌లైన్‌లోనూ మొదలయ్యాయి. చేతులు కడుక్కోవడం, తలకు టోపీ, పురుగు పట్టకుండా నిల్వ, లాట్ నంబరు రాయడం వంటివి అందులో చెబుతారు. ఇక్కడ పద్ధతి గమనించదగ్గది. ఇరవై అయిదు మందికి ఇరవై అయిదు ఫోన్లలో వీడియో పంపడం కాదు. ఒకరికి సరిగ్గా నేర్పి, ఆ ఒకరు మిగతావారికి పనిలోనే నేర్పడం. సైట్ రోజుల్లో టీవీ పక్కన కూర్చున్న మనిషి ఇక్కడ సూపర్‌వైజరు రూపంలో మళ్ళీ దర్శనమిచ్చాడు. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. ఆ సూపర్‌వైజరు సర్టిఫికెట్టు గోడకు తగిలించి ఊరుకుంటే మాత్రం ఇరవై అయిదు మందీ ఎక్కడున్నవాళ్ళు అక్కడే.

పైడిభీమవరం లెక్క వేరు. అక్కడ ఆన్‌లైన్ శిక్షణ ఎప్పుడో నిత్యకృత్యం అయిపోయింది. మందుల కంపెనీలో ఒక పని విధానం మారిందంటే ఆ పత్రం కంప్యూటరులోకి వస్తుంది. సంబంధించిన ఉద్యోగి దాన్ని చదివి, ప్రశ్నలకు జవాబిచ్చి, ఉత్తీర్ణుడైతేనే ఆ యంత్రం ముట్టుకోవాలి. ఎందుకింత పట్టుదల అంటే ఆ మందు వెళ్ళేది అమెరికా, యూరప్ మార్కెట్లకు. అక్కడి తనిఖీదార్లు వచ్చి మొదట అడిగేవాటిలో శిక్షణ రికార్డు ఒకటి.

ఆ రంగంలో రోజూ వినపడే ఒక సూత్రం ఉంది: రాయనిది చేయనట్టే. బ్యాచ్ రికార్డులో ఉష్ణోగ్రత పొరపాటున 52 బదులు 25 అని రాశారనుకుందాం. దాని మీద దిద్దకూడదు, తెల్ల రంగు పూయకూడదు, కాగితం చించి కొత్తది రాయకూడదు. ఒక్క గీత కొట్టాలి, కింద ఉన్న తప్పు కనపడుతూనే ఉండాలి. పక్కన సరైన అంకె వేసి, సంతకం, తేదీ, కారణం రాయాలి. బడిలో తప్పు రాస్తే రబ్బరుతో తుడిపేయడం పదేళ్ళు నేర్చుకున్న పిల్లవాడికి, తప్పును దాచకపోవడమే ఉద్యోగమని చెప్పడం తేలిక కాదు. 2015 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డాక్టర్ రెడ్డీస్ కంపెనీకి మూడు ప్లాంట్ల విషయమై హెచ్చరిక లేఖ పంపింది. అందులో ఒకటి శ్రీకాకుళం జిల్లాలోదే. సమాచారం, రికార్డుల నిర్వహణలో లోపాలు ఆ లేఖలోని ముఖ్యాంశాల్లో ఉన్నాయి. అప్పటి నుంచి ఆ పరిశ్రమ అంతటా రికార్డు రాసే శిక్షణకు విలువ పెరిగింది. మన దేశంలోనూ 2023 డిసెంబరు 28న మందుల తయారీ ప్రమాణాలు చెప్పే సవరించిన షెడ్యూల్ ఎం వచ్చాక, చిన్న కంపెనీలకు కూడా సిబ్బంది శిక్షణ తప్పించుకోలేని బాధ్యత అయింది.

రికార్డు రాయడం తెర మీద నేర్పవచ్చు. ప్రమాదం వచ్చినప్పుడు కాలు ఎటు పరుగెత్తాలో తెర మీద నేర్పలేం.

విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చి 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన ఉన్నతస్థాయి కమిటీ అదే ఏడాది జూలైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచారు, పైన మరుగుతున్నది ఎవరికీ తెలియలేదు. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రం కట్టేసేవారు. ఇవన్నీ ఒక ఎత్తు. అత్యవసర సైరన్ మోగించే ఏర్పాటు ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉండగా, ఆ రాత్రి ఒక్కటీ మోగలేదన్నది ఇంకొక ఎత్తు. సైరన్ ఎక్కడుందో చూపే బొమ్మలు, కాగితాలు ఏ ఫ్యాక్టరీలోనైనా ఉంటాయి. చీకట్లో, కళ్ళు మండుతుండగా, చెయ్యి దానంతట అది బొత్తాం మీదికి వెళ్ళాలంటే పదిసార్లు నొక్కి ఉండాలి. దాన్నే డ్రిల్లు అంటారు. దానికి ఆన్‌లైన్ ప్రత్యామ్నాయం లేదు. అచ్యుతాపురంలోని ఎసెన్షియా కర్మాగారంలో 2024 ఆగస్టు 21న జరిగిన పేలుడులో 17 మంది పోయారు. ఈ రెండు పేర్లూ తెలియని ఇల్లు ఉత్తరాంధ్రలో ఉండదు.

రైల్వేలోనూ ఇదే మాట పైనుంచే వచ్చింది. 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లో రంగాపాని దగ్గర నిలిచి ఉన్న కాంచనజంగ ఎక్స్‌ప్రెస్‌ను వెనక నుంచి గూడ్సు ఢీకొంది. ఆటోమేటిక్ సిగ్నళ్ళు పాడైనప్పుడు బండి ఎలా నడపాలన్న విషయంలో డ్రైవర్లకు, స్టేషన్ మాస్టర్లకు తగినంత బోధ జరగలేదని రైల్వే భద్రతా కమిషనరు తన నివేదికలో రాశారు. నియమం పుస్తకంలో లేక కాదు ఆ ప్రమాదం జరిగింది. ఆటోమేటిక్ సిగ్నళ్ళ మధ్య రోజూ బండ్లు నడిచే మన కోస్తా లైను వారికి ఆ వాక్యం దూరపు వార్త కాదు.

మరి మంచి ఆన్‌లైన్ శిక్షణ ఎలా ఉంటుంది? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, కంప్యూటరు ఊసే లేని రోజుల్లో, అమెరికా ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్ళు లక్షలుగా వచ్చి పడ్డారు. వాళ్ళకు పని నేర్పడానికి ముందు మేస్త్రీలకు నేర్పడం నేర్పారు. ఆ కార్యక్రమంలో సర్టిఫికెట్ పొందినవారు 17 లక్షల పైచిలుకు. పద్ధతి చాలా తేలిక: నేర్చుకునేవాణ్ణి కుదురుగా నిలబెట్టు, పని చేసి చూపించు, వాడి చేత చేయించు, తర్వాత వచ్చి చూడు. యుద్ధం అయ్యాక జపాన్ వాళ్ళు దీన్ని తీసుకుపోయి టొయోటా వంటి కంపెనీల్లో పాతుకునేలా చేశారు. ఈ నాలుగింటిలో ఫోను చక్కగా చేయగలిగింది రెండోది ఒక్కటే. చూపించడం. మొదటిది, మూడోది, నాలుగోది మనిషి చేయాలి. శిక్షణ ఖర్చు తగ్గించుకుందామని వీడియో కొనే యాజమాన్యాలు సరిగ్గా ఆ మూడింటినే తీసేస్తున్నాయి.

పూర్తిగా తెర మీదే నడిచే చదువుకు ఫలితం ఎంతో చెప్పే లెక్క కూడా ఉంది. హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాలు నెట్‌లో అందరికీ తెరిచిన కోర్సులను పరిశీలించిన ఒక పరిశోధన 2019 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 2017–18లో చేరినవారిలో చివరిదాకా పూర్తి చేసింది నూటికి 3.13 మంది. సగం మందికి పైగా చేరాక ఒక్క పాఠమైనా తెరవలేదు. అదే, డబ్బు కట్టి సర్టిఫికెట్టుకు పేరిచ్చినవారిలో పూర్తి చేసింది 46 శాతం. అంటే తెలివితేటలు లేక కాదు, కట్టుబాటు లేక.

మన దేశంలో ఆ కట్టుబాటును కొంత బాగా పట్టుకున్నది ఎన్‌పీటెల్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టినది. పాఠం ఉచితం, వారం వారం అభ్యాసాలు పంపాలి, పరీక్ష మాత్రం రుసుము కట్టి, కేంద్రానికి స్వయంగా వెళ్ళి, కాపలాదారు ముందు రాయాలి. ఫ్యాక్టరీలో పనిచేసే డిప్లొమా ఇంజనీరు వెల్డింగు గురించో, సిమెంటు కాంక్రీటు గురించో ఒక పెద్ద ఆచార్యుడి పాఠం ఇంటి దగ్గరే వినగలుగుతున్నాడంటే అది ఆషామాషీ సౌకర్యం కాదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన స్వయం ప్లస్ పరిశ్రమలతో కలిసి ఉద్యోగ నైపుణ్యాల కోర్సులు పెడుతోంది. బిట్స్ పిలానీ 1979 నుంచే పనిచేస్తూ చదివేవారికి డిగ్రీలు ఇస్తోంది.

ఇవన్నీ ఇంజనీరు దాకా బాగా దిగాయి, హెల్పరు దాకా దిగలేదు. కారణం భాష. ఇంగ్లీషు పాఠానికి కింద తెలుగు అక్షరాలు వేసినంత మాత్రాన అది తెలుగు పాఠం కాదు. యంత్రం చేసిన అనువాదాల్లో పరికరాలకు పెట్టిన పేర్లు విని ఫిట్టరు నవ్వుకుంటాడు. పనిలో వాళ్ళు బేరింగు అంటారు, వాల్వు అంటారు, గ్లాండు అంటారు, ప్యాకింగు అంటారు. ఆ మాటలే ఉంచి, చుట్టూ మంచి తెలుగు వాక్యం రాస్తే చాలు. ఐటీఐ పిల్లల కోసం కేంద్రం నడిపే భారత్ స్కిల్స్ వంటి వేదికల్లో ప్రాంతీయ భాషల సామగ్రి పెరుగుతోంది, అది మంచి దారి. ఇంకా మంచి దారి మరొకటి ఉంది. ఫ్యాక్టరీలోనే ఇరవై ఏళ్ళు పనిచేసిన మేస్త్రీ చేత, తన యాసలోనే, తన యంత్రం ముందే చెప్పించి ఫోనుతో తీయడం. దానికి స్టూడియో అక్కర్లేదు. రేపు ఆ మేస్త్రీ రిటైరైనా ఆ పాఠం ఉంటుంది.

సమయం ఇంకో ముడి. పన్నెండు గంటల షిఫ్టు చేసి ఇంటికి వచ్చిన మనిషి రాత్రి పదింటికి శిక్షణ వీడియో చూస్తాడనుకోవడం ఆఫీసు గదిలో కూర్చుని వేసే అంచనా. ఆడవాళ్ళ విషయంలో అది ఇంకా అన్యాయం, ఎందుకంటే ఇంట్లో వాళ్ళ రెండో షిఫ్టు అప్పుడే మొదలవుతుంది. పైగా చాలా ఇళ్ళల్లో ఒకటే ఫోను, అది పిల్లవాడి చేతిలో ఉంటుంది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ఆరోగ్యం, భద్రతల గురించి వీలైనంత వరకు ఫ్యాక్టరీ లోపలే శిక్షణ పొందడం కార్మికుడి హక్కుగా రాశారు. హక్కు అన్నారు గాని ఇంటి పని అనలేదు. డ్యూటీలో ఇచ్చిన అరగంట పాఠం, రాత్రి నిద్ర కాచి చూసిన రెండు గంటల పాఠం కంటే మేలని ఏ సూపర్‌వైజరును అడిగినా చెబుతాడు.

మూలపేట రేవు కట్టడం నడుస్తుండగా నౌపడ, టెక్కలి, సంతబొమ్మాళి కుర్రకారు చూపు అటే ఉంది. ఇదివరకు వెల్డింగుకు, రిగ్గింగుకు హైదరాబాదు, చెన్నై, గల్ఫు దేశాలు పట్టి పోయిన ఊళ్ళివి. రేవులో పని అంటే కేవలం బరువులు మోయడం కాదు. క్రేను నడపాలి, కంటెయినరు లెక్కలు కంప్యూటరులో ఎక్కించాలి, ప్రమాదకర సరుకు గుర్తులు చదవాలి. విశాఖలో ఓడరేవు, నౌకానిర్మాణ రంగాలకు నైపుణ్యం నేర్పే సెమ్స్ కేంద్రం ఉంది. గుర్తులు, లెక్కలు, నియమాలు ఫోనులో ముందే నేర్చుకుని, క్రేను మీద కూర్చోవడానికి మాత్రం అలాంటి చోటికి వెళ్ళేలా ఏర్పాటు చేస్తే ఖర్చూ తగ్గుతుంది, నేర్పూ నిలుస్తుంది. రేవు తెరిచాక వెతుక్కుంటే బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి ఆ కుర్చీల్లో కూర్చుంటారు, స్థానికులకు కాపలా పనే మిగులుతుంది. ఈ మాట కటువుగా ఉన్నా ఇదివరకటి పరిశ్రమల్లో చాలాచోట్ల జరిగింది అదే.

ఈ ప్రసంగం వింటున్న యాజమాన్యాలకు ఒక విన్నపం. సిబ్బందికి ఎన్ని కోర్సులు పూర్తయ్యాయని అడగడం మాని, ఏ పని ఇంతకుముందు రాక ఇప్పుడు వచ్చిందని అడగండి. వారానికి ఒక గంట జీతంతో ఇవ్వండి, ప్రతి పాతిక మందికీ చేయించి చూపే ఒక మనిషిని పెట్టండి.

పనిచేసే మిత్రులకూ, పని కోసం చూస్తున్న పిల్లలకూ ఒక మాట. 2023 సెప్టెంబరులో మొదలైన స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో ఫోను నంబరుతో ఉచితంగా ఖాతా తెరవవచ్చు. ఎన్‌పీటెల్ పాఠాలకు పైసా అక్కర్లేదు. పరీక్ష లేకుండా డబ్బు తీసుకుని వారంలో సర్టిఫికెట్టు ఇస్తామని ఫోను చేసేవారిని నమ్మవద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. ఏ కోర్సు తీసుకున్నా, అందులో చూసినదాన్ని మీ విభాగంలో పని తెలిసిన పెద్దవారి ముందు ఒకసారి చేసి చూపించి, తప్పులు దిద్దించుకోండి.